జారి పడిందని చెప్పింది నేనే

మా గాజుల పెద్దమ్మ పోయింది. పదిహేను రోజుల కిందట తెల్లారేసరికి నిద్రలోనే ప్రాణం పోయిందని వాళ్ల వీధిలో పాలు పోసే ఆయన వచ్చి చెప్పాడు. నేను కొట్టు షట్టర్ సగం ఎత్తి అలాగే ఆగిపోయాను. గిద్దలూరు బజారులో పాతికేళ్లుగా ఆమె గాజుల కొట్టు, నా పుస్తకాల కొట్టు పక్కపక్కనే. చుట్టరికం ఏమీ లేదు. ఆమెకు పిల్లల్లేరు, పెనిమిటి ఎప్పుడో పోయాడు. బజారంతా పెద్దమ్మా అని పిలిచేది, నేనూ అలాగే పిలిచాను.

ఆమె చేత గాజులు వేయించుకోవడానికి కొమరోలు నుంచి, రాచర్ల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చేవాళ్లు. ఎంత బిరుసు చెయ్యి అయినా సరే, బొటనవేలి కింద నొక్కి నొక్కి మెత్తబరిచి, మాటల్లో పెట్టి గాజు ఎక్కించేసేది. "చెయ్యి నాకొదిలెయ్ అమ్మా, నువ్వు బిగబట్టుకుంటే ఎట్ల ఎక్కుతాది?" అనేది. వేస్తుండగా పగిలిన గాజుకు డబ్బు తీసుకునేది కాదు. "పగిలింది నా చేతిలో గదా" అనేది. నేను ఆలస్యంగా కొట్టు తెరిచిన రోజున మాత్రం "కలెక్టరు గారొచ్చినారు, లెయ్యండమ్మా" అని కూర్చున్న ఆడవాళ్లందరినీ నవ్వించేది. నాకు ఒళ్లు మండేది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఆమె కొట్టు ముందు ఇనుప స్తంభం పట్టుకుని నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది. సరుకుల ఆటో అతను ఫోను చెవిలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా రివర్స్ చేశాడు. బండికీ స్తంభానికీ మధ్య ఆమె కుడిచెయ్యి నలిగిపోయింది. గల్లా దగ్గర కూర్చున్న నేను కళ్లారా చూశాను.

ఆటో అతను మా వెనక వీధివాడే. ఆసుపత్రి దాకా వచ్చాడు. వరండాలో నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. "అన్నా, కేసైతే బండి స్టేషన్లో పెడతారు. ఫైనాన్సు బండి. ఖర్చంతా నేనే పెట్టుకుంటా. పెద్దమ్మ నాకు మాత్రం పరాయిదా?"

లోపల చీటీ రాసే అతను అడిగాడు. "ఎట్ల జరిగింది?"

పోలీసు కేసంటే ఇక్కడ చూడరేమో, ఒంగోలు పొమ్మంటారేమోనని నా భయం నాది. "మెట్ల మీద జారి పడింది" అన్నాను. మా వైపు చాలామంది ఇలాగే చెబుతారు. అందరికీ మంచి జరిగేలా మాట్లాడానని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. అంత తెలివిగలవాణ్ణి!

ఖర్చంతా పెట్టుకుంటానన్న మనిషి మూడో రోజు నుంచి ఫోను ఎత్తలేదు. ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్లు ముడుచుకోలేదు. కర్నూలులో ఇంకో ఆపరేషన్ చేయిస్తే పట్టు వస్తుందన్నారు. అంత డబ్బు ఆమె దగ్గర లేదు, నా దగ్గరా లేదు. అప్పుడు ఆలస్యంగా పోలీసులకు ఫిర్యాదు, ఆ తర్వాత మార్కాపురం కోర్టులో నష్టపరిహారం కేసు. ఆ పరిహారం వస్తేనే ఆపరేషన్, లేకుంటే లేదు.

సాక్షిగా బోనెక్కింది నేనే. ఇన్సూరెన్సు వాళ్ల వకీలు ఆసుపత్రి చీటీ చదివి వినిపించాడు. "అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పుడు చెప్పిందే అబద్ధం సార్."

"అంటే, అవసరమైతే అబద్ధం చెబుతారన్నమాట."

కేసు కొట్టేశారు.

తిరిగి వచ్చే బస్సులో ఆమె పక్కన కూర్చుని, అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ గాబరాలో అడిగితే ఎవరైనా ఏం చెప్తారు నాయనా? నువ్వు ఉండబట్టే గదా నేను ఆసుపత్రికి పోయినాను" అంది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత కూడా రోజూ కొట్టు తెరిచేది. ఎవరైనా చెయ్యి చాపితే "మీరే ఎక్కించుకోండమ్మా" అని గాజులు ముందు పెట్టేది. కొన్నాళ్లకు ఆడవాళ్లు రావడం తగ్గించేశారు.

పోయిన నెల అప్పీలు కాగితాలు తయారు చేయించాను. మొదటి వాక్యం దగ్గరుండి రాయించాను. నిలబడి ఉన్న మనిషిని బండి గుద్దింది, అని. ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టే మనిషి, ఎడమ బొటనవేలు నా ముందుకు చాపింది. "ఈసారన్నా సరిగ్గా రాయించినావా?" అని నవ్వింది. వేలు నేనే పట్టుకుని అద్దించాను.

కర్మకాండ అయిన మరుసటి రోజు మార్కాపురం వెళ్లాను. అప్పీలు ఇంకా వెయ్యలేదట. "చెయ్యి కోసం అడిగిన పరిహారం ఇది. మనిషే లేనప్పుడు ఎవరికని అడుగుదాం? పిల్లలున్నా ఏదో ఒకటి చూసేవాళ్లం" అంటూ మా వకీలు గారు కాగితాలు తిరిగి నా చేతికిచ్చారు. బస్టాండులో బెంచీ మీద కూర్చుని విప్పి చూశాను. మొదటి వాక్యం సరిగ్గానే ఉంది. అడుగున ఆమె వేలిముద్రలో గీతలేవీ కనబడడం లేదు, అంతా సిరా ముద్దయిపోయింది. నేను మరీ గట్టిగా నొక్కినట్టున్నాను.