అక్క లెక్కపెట్టిన ఊపిరి

ఆ కరోనా రోజుల్లో మాస్కు కట్టుకున్నాక మనిషి ముఖంలో మిగిలేవి కళ్ళే. నా కళ్ళలో ఉండేది మాత్రం అచ్చమైన అసూయ. డాక్టరు పట్టా పుచ్చుకున్న కొత్తలో సూరత్‌లో, లింబాయత్ సందుల్లోని ఒక చిన్న దవాఖానాలో చేరాను. కొత్త స్టెతస్కోపు, ఇస్త్రీ చొక్కా, అద్దం ముందు సాధన చేసిన గంభీరమైన ముఖం (అది మాస్కు వెనక వృథా అయింది) అన్నీ ఉన్నాయి. అయినా మగ్గాల మీద పనిచేసే మన తెలంగాణవాళ్ళు గుమ్మంలోనే "అక్క లేదా?" అనేవారు. అక్క అంటే మా నర్సు. సిరిసిల్ల వైపు నుంచి చిన్నప్పుడే వచ్చి సూరత్‌లో పెరిగిన మనిషి. ఇన్నేళ్ళు చదివింది ఈమె వెనక నిలబడడానికా అని కుళ్ళిపోయేవాణ్ణి.

ఒక పొద్దున జ్వరం, దగ్గుతో ఒక మగ్గం పనివాడు వచ్చాడు. వేలికి తగిలించే ఆక్సిజన్ మిషను ఆ వారం చెడిపోయి ఉంది. అక్క మందుల గదిలో ఉంది. ఇంతకంటే మంచి అదను దొరకదనుకుని, "కదలకుండా కూర్చో, నీ ఊపిరి లెక్కపెట్టాలి" అని చేతి గడియారం ఎత్తి పట్టుకున్నాను. అతను బుద్ధిగా కూర్చున్నాడు. నిమిషానికి పద్దెనిమిది. ఛాతీకి స్టెతస్కోపు ఆనిస్తే పక్కింటి మగ్గాల మోత తప్ప ఏమీ వినిపించలేదు (ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు). మామూలు జలుబేనని మాత్రలు రాసి ఇంటికి పొమ్మన్నాను.

గుమ్మంలో అక్క ఎదురై అతని మణికట్టు పట్టుకుంది. "ఏ ఊరు తమ్మీ మనది?" అని, జవాబు కోసం ఆగకుండా తన ఊరి సంగతులే చెబుతూ పోయింది. నాడి చూస్తోందనుకుని అతను వింటూ నిలబడ్డాడు. ఆమె చూపు మాత్రం అతని ఛాతీకీ గోడ గడియారానికీ మధ్య తిరుగుతోంది.

"ముప్పై నాలుగు, సార్."

"నేను చూసినప్పుడు పద్దెనిమిదే" అన్నాను, గొంతు పెంచి.

అతను తల దించుకున్నాడు. "మీరు లెక్కపెడ్తనన్నరు గద సార్. ఎక్కువొస్తే వార్డుల ఏస్తరని జర ఆపి ఆపి తీసిన."

అది న్యుమోనియా. ఇంటికి పోయి ఉంటే ఏమయ్యేవాడో అనుకుంటూ, అతని చేతిలోని నా మాత్రల చీటీ లాక్కుని చించేశాను. వెంటనే పెద్దాసుపత్రికి పంపాం. అంత సిగ్గులోనూ నాకు ఆమె మీద అసూయ తగ్గలేదు.

మూడు వారాలకు అతను మిఠాయి డబ్బాతో వచ్చి, నన్ను దాటుకుని నేరుగా అక్క దగ్గరికి నడిచాడు. ఆమె డబ్బా ముట్టుకోలేదు. "ముందుగాల సారుకు పెట్టు తమ్మీ. ఆ దినం ఆయనకే ఎక్కువ దమ్మొచ్చింది" అంది. నా ఊపిరి కూడా ఎప్పుడు లెక్కపెట్టిందో మరి.

ఇప్పుడు నేనూ రోగి మణికట్టు పట్టుకుని మా ఊరి కబుర్లు చెబుతాను. నేను ఛాతీ చూస్తుంటే, వాళ్ళు విసుగ్గా గడియారం చూస్తారు. ఆ విషయంలో కూడా అక్కంటే కుళ్ళే నాకు.