ఏడిళ్ల మెడల్

రాజురా బజారులో మాది స్టీలు గిన్నెల దుకాణం. తాత పెట్టాడు, నాన్న నడిపాడు, ఇప్పుడు గల్లాపెట్టె ముందు నేను కూర్చుంటున్నాను. గిన్నెలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ గిన్నె మీద పేరు అందంగా రాయించుకోవాలంటే పక్క తాలూకా కోర్పనా నుంచి కూడా నా దగ్గరికే వస్తారు. పెళ్లి బిందెల మీద, కొత్తింటికి ఇచ్చే డబ్బాల మీద, గుడికి ఇచ్చే గంటల మీద నా దస్తూరీ ఉంటుంది. గొప్పలు చెప్పుకుంటున్నానని మీకు అనిపిస్తే అనిపించనివ్వండి, నిజంగానే చెప్పుకుంటున్నాను. ఈ తాలూకాలో ఎవరింట్లో మంచినీళ్లు ఇచ్చినా ముందు గ్లాసు తిప్పి నా అక్షరం ఉందేమో చూసి, ఆ తర్వాతే తాగుతాను. మా ఆయన దీనికి తల పట్టుకుంటాడు.

బడిలో నేను చదివింది మరాఠీ. తెలుగు అక్షరాలు నేర్పింది నాన్న. సొట్టలు పడి అమ్ముడుపోని పళ్లాలు నా ముందు వేసి, వాటి మీదే అ ఆలు దిద్దించాడు. మా వైపు తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడంత మంది, చదివేవాళ్లను వెతుక్కోవాలి. అందుకే ఎవరైనా వచ్చి తెలుగులో పేరు రాయమంటే ఆ రోజు నాకు అన్నం కాస్త ఎక్కువే సహిస్తుంది.

పోయినేడు పోళా పండుగకు నాలుగు రోజుల ముందు ఒక ముసలాయన కోడలి చెయ్యి పట్టుకుని దుకాణం మెట్లెక్కాడు. పోళా మా దగ్గర ఎడ్ల పండుగ. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు వేసి, నుదుటికి పట్టీలు కట్టి ఊరేగిస్తారు. ఎద్దు మెడకు కొత్త గంట కావాలేమో అనుకున్నాను. మనిషి తొంభైకి దగ్గర పడ్డట్టున్నాడు, అయినా గుమ్మంలో తల వంచి లోపలికి రావాల్సినంత పొడుగు. నడుముకు చుట్టుకున్న గుడ్డసంచి విప్పి గుండ్రటి వెండి బిళ్ల ఒకటి నా ముందు పెట్టాడు. రెండు వైపులా నున్నగా, అద్దంలా ఉంది. గీత లేదు, బొమ్మ లేదు, ఒక్క అక్షరం లేదు.

"ఏంది తాతా, గీ అరిగిన రూపాయి ఏడ తవ్వి తీసినవ్? గిది గిప్పుడు నడువది" అన్నాను.

"రూపాయి గాదు బిడ్డా, మెడల్ గిది" అన్నాడు ఆయన. "మనం గీ మరాఠీ రాష్ట్రంల కలవక ముందు, అటు ఆదిలాబాద్ జిల్లాల ఉన్నప్పుడు, జిల్లా మొత్తానికి మొట్టమొదటిసారి చెడుగుడు పోటీలు వెట్టిండ్రు. మా ఊరోళ్లం గెలిచినం. దీని మీద రాత పోయింది. మళ్ల రాయాలె."

చేతిలోకి తీసుకుని చూస్తే నవ్వు ఆగిపోయింది. బిళ్ల ఎండిన రావి ఆకు కంటే బరువు ఉన్నట్టు లేదు. అంచు పట్టుకుని వెలుతురుకు పెడితే వెలుగు కనబడుతుందేమో అని భయమేసింది.

సంగతి ఆయన చెప్పాడు. కబడ్డీని వాళ్లు చెడుగుడు అనేవాళ్లు. జట్టులో ఏడుగురు, గెలిస్తే ఇచ్చిన మెడల్ ఒక్కటి. పెద్దమనిషికి ఇవ్వబోతే, అంటే జట్టు నాయకుడికి, ఆయన పుచ్చుకోలేదట. ఏడుగురం ఆడితే నేనొక్కణ్ని ఎట్లా పెట్టుకుంటాను, దీన్ని కోసి పంచుకోలేం కదా అన్నాడట. చివరికి ఎద్దులకు ఒప్పజెప్పారు. ప్రతి పోళాకూ ఒకరింట్లో ముందు నడిచే ఎద్దు నుదుట మెడల్ కట్టాలి. పండుగ కాగానే అది ఆ పక్కింటికి పోవాలి. ఏడేళ్లకు ఒక చుట్టు. అప్పటి నుంచి ఒక్క ఏడు కూడా తప్పలేదట.

"మరి అక్షరాలు ఏడికి పోయినయ్?" అని అడిగాను.

దానికి కోడలు నవ్వింది. "మేమే తోమినం అక్కా. చింతపండు, బూడిద వెట్టి తోముడే తోముడు. ముందటేడు ఆ ఇంటోళ్ల ఎద్దు మీద మెరిసిందానికంటే మనింట్ల ఎక్కువ మెరవాలె గద. మా అత్త తోమింది, నేను తోమిన. ఏడిళ్ల ఆడోళ్లం అందరం గదే పని."

ఏడిళ్ల ఆడవాళ్లు, రెండు మూడు తరాలు, ఒకరిని మించి ఒకరు ప్రేమగా తోమి తోమి ఆ రాతను చింతపండు నీళ్లలో కలిపేశారు. పేర్లు నిలవాలని రాసి పొట్టపోసుకునే దాన్ని నేను. ఇంత శ్రద్ధగా చెరిపేసిన రాతను నా జన్మలో చూడలేదు. కోపం రావాల్సింది, చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

"దీని మీద ఏం రాసుండె తాతా?"

"నాకేం ఎరుక? మా ఏడుగురిల సదువొచ్చినోడు ఒక్కడు లేడు. నడుమ చెయ్యి చాపిన మనిషి బొమ్మ ఉండె. సుట్టూ రాత ఉండె. ఉర్దూనో, తెలుగో, ఇంగిలీసో."

తిరిగి రాయడానికి మాట ఏదో తెలియదు. సరే, మరి ఏం రాయమంటారు అన్నాను. దానికి ఆయన సిద్ధంగానే వచ్చాడు. ఆడినవాళ్ల పేర్లు రాయమన్నాడు. మిగతా ఆరుగురూ పోయారు, చివరివాడు ఆ ముందు చలికాలం పోయాడు. ఊరు కూడా పోయింది. బొగ్గు గని కోసం సాస్తి పక్కన పొలాలు తీసుకున్నప్పుడు ఏడిళ్లవాళ్లూ తలో దిక్కు అయ్యారు. కొందరు ఉప్పర్వాహిలో, కొందరు కోర్పనాలో, ఒక కుటుంబం చంద్రపూర్‌లో.

"ఈ పోళా దాక నా ఇంట్ల ఉంటది" అన్నాడు. "పండుగైనంక ఇంకో ఇంటికి పోతది. ఆ ఇంట్ల తెలిసినోళ్లు పోయిండ్రు, పిల్లలకు గిదేందో ఎరుక లేదు. నేనుంటె చెప్తుంటి. నేను గూడ పోయినంక అరిగిన బిళ్ల అని యాడనో పారేస్తరు బిడ్డా. మావోళ్ల పేర్లుంటె పారెయ్యరు."

నేను మనసులో అప్పటికే తెలుగు అక్షరాలు అమర్చేసుకుంటున్నాను, గుండ్రటి బిళ్ల, గుండ్రటి అక్షరాలు. "తెలుగుల రాస్తా తాతా, సూడ ముచ్చటుంటది" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మరాఠీల రాయి. మా పోరగాండ్లు సదివేది గదే." నాకు చివుక్కుమంది. కానీ చదివేవాళ్లు లేని అక్షరాలు రాసి ఏం లాభం, సరే అన్నాను.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. పేర్లు రాసే కరెంటు మిషను సూది గుర్రుమంటూ పొడుస్తుంది. స్టీలుకు అది దెబ్బ కాదు. ఈ వెండి రేకు మీద పెడితే అవతలికి దిగుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చిల్లు పడితే ఇక చేసేదేం లేదు, ఏడిళ్ల సొమ్ము నా చేతుల్లో పాడవుతుంది, నా వల్ల కాదు అన్నాను. కోడలు కూడా "వద్దు మామా, ఉన్నకాడికి ఉండనియ్యి" అంది. ఆయన లేవలేదు.

మిషను రాక ముందు నాన్న చేత్తో గీసిన ఉక్కు సూది ఒకటి పెట్టె అడుగున ఉండేది. అది తీశాను. నాన్న చెప్పిన కిటుకు ఒకటే, పేరు పూర్తయ్యే దాకా ఊపిరి బిగపట్టు, చెయ్యి వణకదు. ఆ మాట ఆయనకు చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి.

"దమ్ము నేను పడ్తా. నువ్వు రాయి."

చెడుగుడు తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. కూతకు పోయినవాడు ఒకే ఊపిరిలో "చెడుగుడు చెడుగుడు" అంటూ అవతలి వాళ్ల బరిలోకి పోవాలి. ఒకణ్ని ముట్టి, దమ్ము తెగకుండా నడిమి గీతకు తిరిగి రావాలి. అలా వస్తే, అంతకుముందు ఔటయి బయట కూర్చున్న మనవాడొకడు లేచి మళ్లీ ఆటలోకి వస్తాడు. మా చిన్నప్పుడు ఔటయినవాణ్ని చచ్చిండు అనేవాళ్లం, తిరిగి వచ్చినవాణ్ని లేచిండు అనేవాళ్లం.

ఆయన స్టూలు మీద నిటారుగా కూర్చుని, మొదటి పేరు చెప్పి, గుండె నిండా గాలి పీల్చి కూత అందుకున్నాడు. సన్నగా, తేనెటీగ రొదలా. నేను సూది ఆనించాను. గట్టిగా నొక్కకుండా, గోరుతో గీసినట్టు గీశాను. మరాఠీలో అక్షరాలన్నీ అయ్యాక పైన తలకట్టు గీత చివర్లో లాగుతాం. ఆ గీత లాగి సూది ఎత్తే దాకా ఆయన కూత తెగలేదు. ఎత్తగానే ఊపిరి వదిలి, "లేచిండు" అన్నాడు.

ఏదో దేవుడు పూనినచోట నిలబడ్డట్టు అనిపించింది నాకు, నిజానికి దేవుళ్లను నేను పెద్దగా నమ్మేదాన్నేం కాదు.

రెండో పేరు, మూడో పేరు. ప్రతి పేరుకూ ఒక కూత, ప్రతి కూత చివరా "లేచిండు". మధ్యలో దగ్గు వచ్చింది, కోడలు కసిరి నీళ్లు తాగించింది. ఎదురు దుకాణం బట్టల సేటు గజంబద్ద చేతిలో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. టమాటాలమ్మే ఆమె గంప దించి చూస్తోంది. తొంభై ఏళ్ల రొమ్ములోంచి అంత గాలి ఎలా వస్తోందో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు.

ఆరో పేరు పెద్దమనిషిది, మెడల్ పుచ్చుకోనన్న ఆయనది. పేరు కూడా మనిషంత పెద్దదే. సగంలోనే కూత సన్నబడింది. ముసలాయన మెడ నరాలు తేలాయి. నా చెయ్యి పరుగెత్తింది. తలకట్టు గీత లాగేసి సూది ఎత్తడం, ఆయన ముందుకు వాలిపోవడం ఒకేసారి జరిగాయి. కోడలు ఒడిసి పట్టుకుంది.

"దమ్ము తెగింది మామా" అంది భయంతో.

"గీత ముట్టినంక తెగింది" అన్నాడు రొప్పుతూనే. "కావాలంటె సేటును అడుగు. వాడూ లేచిండు."

సేటు మార్వాడీ, తెలుగు అంతంతమాత్రం. అయినా గజంబద్ద పైకెత్తి అవునన్నాడు. బిళ్ల తిప్పి చూశాను. చిల్లు పడలేదు.

అంచు చుట్టూ ఆరు పేర్లు కుదిరాయి, ఏడోదానికి జాగా మిగిలింది. "ఇగ నీ పేరు తాతా" అన్నాను.

"నేనేడ చచ్చిన? బరిల ఉన్నోన్ని లేపుడేంది?" అని నవ్వాడు. తర్వాత బిళ్ల మీద ఆ ఖాళీ జాగాను బొటనవేలితో తడిమి అన్నాడు, "గది అట్లనే ఉండనియ్యి. దినమొచ్చినప్పుడు మావోళ్లు నీ కాడికి తెస్తరు. అప్పుడు కూత నువ్వు పట్టాలె బిడ్డా."

నేను తలూపాను. ఉక్కు సూదిని తుడిచి గల్లాపెట్టెలో పెట్టుకున్నాను.

పోళా రోజు పిలిచారు, వెళ్లాను. గనివాళ్లు కట్టించిన, ముసలాయన ఉంటున్న కొత్త కాలనీలో ఏడిళ్లవాళ్లూ కలిశారు. ఎడ్లు ఇంకా ఉన్నది ముసలాయన ఇంట్లోనే, మిగతావాళ్లు ట్రాక్టర్లకు పసుపు పూసి తెచ్చారు, వంతు వచ్చిన ఏడు మెడల్ వాటికే కడతారట. మెడల్ ఎద్దు నుదుట ఎండకు మెరుస్తోంది. వచ్చే ఏడు అది పోవాల్సిన ఇంటి పిల్ల, ఉప్పర్వాహిలో కాలేజీ చదువుతున్న అమ్మాయి, ఎద్దు కొమ్ము పట్టుకుని దగ్గరగా వంగి పేర్లు పైకి చదివింది. ఒక్కో పేరు వినబడగానే ఒక్కో గుంపు కదిలింది. "మా తాత", "మా ఆబా", "మా నాయిన". ఒక నడివయసు మనిషి, తండ్రి పేరు వినగానే, ఎద్దు ముఖానికి ముఖం ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

సాయంత్రం ముసలాయన నన్ను కాలనీ చివర మట్టిదిబ్బ మీదికి తీసుకెళ్లాడు. కింద గని. అంత లోతు నేల నేనెన్నడూ చూడలేదు. అడుగున లారీలు చీమల్లా పోతున్నాయి. ఆయన చెయ్యి చాపి, గని మీది ఖాళీ గాల్లోకి చూపించాడు.

"మేం ఆడిన జాగ అగో, ఆడ ఉండె."

చూశాను. అక్కడ ఒక కొంగ ఎగురుతోంది. నేల లేదు, ఊరు లేదు, కానీ ఆయన వేలు చూపిన చోటు మాత్రం ఖచ్చితంగా ఉంది. నేను ఆ దిబ్బ మీదే కూర్చుండిపోయాను.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం దుకాణం షట్టరు సగం దించి, ఒక సొట్ట పళ్లెం ముందు పెట్టుకుని, కూత పట్టి ఆయన పేరు గీసి చూస్తున్నాను. మా ఆయన ఇంటికి పోదామని బయట హారన్ కొడుతూ ఉంటాడు. రెండో అక్షరం దగ్గరే నా దమ్ము తెగిపోతోంది. పోయిన వారం బజారులో ఆ కోడలు కనబడితే మామ ఎట్లున్నడని అడిగాను, బాగున్నడంది. ఇంకొన్నేళ్లు గట్లనే ఉండుమని చెప్పు, నాకింకా గీత అందుతలేదు అన్నాను.