మామగారికి గాలిలో వేయించిన కోడికాళ్ళు

పెళ్ళయిన కొత్తలో, రాయచూరులో మేడమీద రెండు గదుల వాటాలో కాపురం పెట్టిన ఆ రోజుల్లో, నాకు చేతకాని పని ఒకటుంటుందన్న అనుమానమే నాకు ఉండేది కాదు. చేతనైన పనులేవో చెప్పమంటే మాత్రం కాస్త తడుముకునేవాణ్ణి. అప్పట్లో నాది ఒక విత్తనాల కంపెనీలో అమ్మకాల ఉద్యోగం. మల్లట్ వైపు ఊళ్ళకు బైకు మీద వెళ్ళి, నేనెన్నడూ మట్టిలో వేసి ఎరగని విత్తనం గురించి, దాన్ని నేనే కని పెంచినట్టు రైతులకు చెప్పి వచ్చేవాణ్ణి. పాపం, వాళ్ళు చాయ్ ఇప్పించి మరీ వినేవారు. అలా రోజంతా చెప్పడం అలవాటైపోయి, ఇంటికొచ్చినా నోరు ఆగేది కాదు.

మాది పోతనాళ దగ్గర ఒక క్యాంపు, అంటే వలస వచ్చినవాళ్ళ ఊరు. తుంగభద్ర కాలువ నీళ్ళు వస్తున్నాయని తెలిసి, వరి వేసుకుందామని మా తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నా భార్యది తరతరాలుగా రాయచూరు పట్నమే. ఇద్దరిదీ తెలుగే, అయినా మొదట్లో నేను "ఏంటండీ" అంటే వాళ్ళింట్లో చిన్నపిల్లలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. మేం పెళ్ళి చేసుకుంటామన్నప్పుడు పెద్ద గొడవేమీ జరగలేదు గానీ, మామగారికి ఈ "క్యాంపోళ్ళ పిలగాడి" మీద ఏదో సందేహం మిగిలిపోయింది. ఎన్నో ఏళ్ళు బట్టల కొట్టు నడిపిన మనిషి. చీర అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూసినట్టే మనుషుల్నీ చూసేవారు. పెళ్ళికి వచ్చారు, అక్షింతలు వేశారు, ఫొటోలో నిలబడ్డారు (నవ్వలేదు). ఆ తర్వాత మాత్రం మా ఇంటికి రాలేదు. నా భార్య అప్పుడప్పుడు ఫోను చేసి "నాయినా, ఎప్పుడొస్తవ్?" అనేది. అవతలి నుంచి "వస్త తియ్యి" అని వినిపించేది. ఫోను పెట్టేశాక వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువయ్యేది.

అలా ఉండగా మామగారికి గుండెలో ఏదో తేడా కనబడిందని డాక్టరు నూనె వంటలు మానిపించాడు. ఆయనకు కోడికాళ్ళ వేపుడంటే ప్రాణం. "టంగ్డి" అనేవారు దాన్ని, ఎంతో ఆప్తుడి పేరు పలికినట్టు. "నాయిన సరిగ్గ తింటలేడంట" అని ఒక ఆదివారం ఉదయం నా భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, నా చూపు గది మూలనున్న అట్టపెట్టె మీద పడింది. పెళ్ళికి ఆఫీసు మిత్రులు బహుమతిగా ఇచ్చిన ఎయిర్ ఫ్రయర్ అది. విప్పే తీరిక లేక, దానిమీద దుప్పటి పరిచి బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాం. ఇంకేముంది, ఆలోచన రావడం, ఫోను అందుకోవడం ఒకేసారి జరిగిపోయాయి.

"మామయ్యగారూ, వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. చుక్క నూనె లేకుండా కరకరలాడే కోడికాళ్ళు వేయించి పెడతాను. నేనే స్వయంగా!"

అవతల టీవీ చప్పుడు తగ్గింది. తర్వాత, "నూనె లేకుంట టంగ్డి ఎట్ల వేగుతది?" అన్నారు.

"మీరు రండి, చూద్దురుగాని."

"వస్త" అన్నారు. ఈసారి "తియ్యి" లేదు.

నా భార్య కళ్ళు తుడుచుకుని నన్ను తేరిపార చూసింది. "నీకు చాయ్ గూడ సరిగ్గ పెట్టనీకి రాదు గదా! ముందల ఒకసారి చేసి చూడు."

"దీన్లో చూడ్డానికేముంది? మిషనే వండుతుంది" అన్నాను. ఆ వారమంతా వీడియోలు చూశాను (చూడటం కూడా ఒకరకంగా వండటమేనని నా ఉద్దేశం). మా అమ్మ ఫోనులో సంగతి విని, "కోడిని గాలితో వండటవేంట్రా! పెద్దాయన్ని పిలిచి పరువు తీసుకుంటావా?" అంది. పాత తరం వాళ్ళకి కొత్త సంగతులు ఎక్కవని జాలిపడ్డాను.

ఆదివారం వచ్చింది. కోడికాళ్ళు తెచ్చాను, కడిగాను. తడి తుడవాలని ఏ వీడియోలోనో చెప్పినట్టు గుర్తు, కానీ అంత చాదస్తం ఎందుకనిపించింది. పెరుగు, కారం, అల్లం వెల్లుల్లి కలిపి అందులో వాటికి ధారాళంగా స్నానం చేయించాను. తర్వాత అన్నిటినీ ఒకే విడతలో బుట్టలోకి కుక్కాను. జాతర రోజు లింగసుగూరు బస్సులో జనం నిలబడినట్టు అవి ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని నిలబడ్డాయి. "గిట్ల గాదనిపిస్తది" అంది నా భార్య. నేను వేడి ఇంకాస్త పెంచి, నవ్వి ఊరుకున్నాను.

సరిగ్గా అప్పుడే మామగారు వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో అరటిపళ్ళు. మంచినీళ్ళు తాగి, కుర్చీ వంటింటి గుమ్మంలో వేయించుకుని, గుయ్యిమంటున్న ఆ నల్ల డబ్బాను చూస్తూ కూర్చున్నారు.

"ఏముంటది దీనిలోపల?"

"వేడిగాలి మామయ్యగారూ. లోపల గిరగిరా తిరుగుతుంది, దాంతోనే వేగిపోతుంది."

ఆయన కుర్చీలో ముందుకు వంగారు. "వేడిగాలేనా? రాయచూర్ల దానికేం తక్కువ? ఎండకాలం మిద్దె మీద పెడితే అయిపోవు గదా."

నా భార్య ముఖం అటు తిప్పుకుంది. భుజాలు కదలడం మాత్రం నాకు కనబడింది. నేను పట్టించుకోకుండా, పనిమంతుడిలా కనబడాలని మాటిమాటికీ బుట్ట లాగి చూడటం మొదలుపెట్టాను. లాగిన ప్రతిసారీ లోపలి వేడంతా నా ముఖానికి తగిలి బయటికి పోయేది. నాకు తెలిసి ఆ రోజు ఆ ఇంట్లో బాగా వేగింది నా బుగ్గలే.

చివరికి గంట మోగింది. పైవరస ఎర్రగా, నిగనిగలాడుతూ కనబడేసరికి నా ఛాతీ రెండింతలయింది. వాటిని పళ్ళెంలో పెట్టి మామగారికి అందించి, ఎదురుగా నిలబడ్డాను. ఆయన కొరికారు. కర్‌మని చప్పుడయింది! ఆ చప్పుడు విని నేను నా భార్య వైపు చూసిన చూపు ఎవరూ ఫొటో తీయకపోవడం నా అదృష్టం. రెండోసారి కొరికారు. నమలడం నెమ్మదించింది. ముక్కను వెలుతురువైపు తిప్పి చూసి, పళ్ళెంలో మెల్లగా పెట్టేశారు. నేను గబగబా ఒకటి తీసి కొరికాను. పైన అప్పడం, కింద పెరుగులో నానిన దూది, ఎముక దగ్గర పచ్చి ఎరుపు. ఉమ్మేయడానికి పరిగెత్తి తిరిగొచ్చేసరికి నా భార్య తల వంచుకుని నిలబడి ఉంది. ఇన్నాళ్ళకు వచ్చిన తండ్రి లేచి వెళ్ళిపోతాడని తన భయం. నా భయమూ అదే. నోరు తెరిచాను, ఒక్క మాట రాలేదు. అంత మాటకారిని!

ఆయన లేచారు. గుమ్మంవైపు నడవలేదు. చొక్కా చేతులు మడిచి, "పచ్చి ఉన్నయ్. అంతే గదా. ఒక బట్ట ఇయ్యి బిడ్డా" అన్నారు. ముగ్గురం నేలమీద కూర్చున్నాం. మిగిలినవాటిని కడిగి, తుడిచి, కొంచెం కొంచెంగా, ఎడం ఎడంగా పెట్టాం. ఆ గాలిమరకు వేయించాలన్న తొందరేమీ లేదు. మేం కూర్చున్నాం. నేను ధైర్యం కూడగట్టుకుని, "నాకు వంట రాదు మామయ్యగారూ" అన్నాను.

"నాకు ఫోన్లనే తెల్సింది."

"మరి తెలిసీ వచ్చారేంటి?"

"నూనె లేకుంట టంగ్డి వేయిస్తనన్నోడు మోసగాడన్న అయ్యుంటడు, పిచ్చోడన్న అయ్యుంటడు. నా బిడ్డ ఎవనికాడ ఉన్నదో చూసిపోదామని వచ్చిన."

"ఏం తేలింది మరి?"

ఆయన వేడికి కందిన నా బుగ్గల్ని కాసేపు చూశారు. "మోసగాడివైతే కాదు" అన్నారు. అని నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. నా భార్య అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ చెప్పదు. రెండో విడత కరకరలాడింది. కాకపోతే కడిగిన కడుగుడుకి ఉప్పూ కారం అన్నీ పోయాయి. "డాక్టరు ఉప్పు గూడ తగ్గియ్యమన్నడు. మస్తు సమజ్ చేసి వండినవ్" అని మామగారు మరొకటి అందుకున్నారు.

ఇప్పుడు నాకు కోడికాళ్ళు బాగానే కుదురుతాయి. నెలకోసారైనా మామగారు వస్తారు, తిని బాగుందంటారు, అంతటితో సరి. వయసుతోపాటు నాకు జాగ్రత్తా వచ్చింది. ఎవర్నైనా భోజనానికి పిలవాలంటే ముందు వండి చూసుకుంటాను, కుదరదనిపిస్తే మరో ఆదివారానికి వాయిదా వేస్తాను. అప్పటి ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, ఒక్కోసారి కాస్త అసూయ కూడా కలుగుతుంది. వంట నేర్చుకున్నాకే మామగారిని పిలుద్దామనుకునే బుద్ధిమంతుడై ఉంటే, వాడు బహుశా ఇంకా నేర్చుకుంటూనే ఉండేవాడు.