నుదురెత్తున కట్టిన ట్యూబ్‌లైట్

1957 వానాకాలం. షోలాపూర్ భవాని పేట్‌లో నేను వైర్‌మన్‌గా పనిచేస్తున్న రోజులు. వలస వచ్చిన మా తెలుగు నేతవాళ్లతో నిండిన ఆ పేటలో చేతిమగ్గాలు తగ్గి పవర్‌లూమ్‌లు పెరుగుతున్నాయి. బల్బుల పక్కన ట్యూబ్‌లైట్లు కొత్తగా వచ్చి చేరుతున్నాయి. ఎవరింట్లోనైనా ట్యూబ్ వెలిగితే నలుగురూ చేరి చూసేవారు. నాకు మాత్రం ఆ సంబరం చూస్తే ఒళ్లు మండేది. దీపం కొనడంలో ఉన్న శ్రద్ధ, దాన్ని ఎక్కడ కట్టాలన్న దాని మీద ఒక్కరికీ ఉండేది కాదు.

నర్సయ్య సేట్ కబురు పెడితే వెళ్లాను. ఆయనా ఒకప్పుడు మగ్గం నేసినవాడే. ఇప్పుడు ఇంటి కింది భాగంలో పవర్‌లూమ్‌లు పెట్టి చద్దర్లు నేయిస్తున్నాడు. మగ్గాల రొదలో నా చెవి దగ్గరికి వచ్చి అరిచాడు.

"ఇంకో రెండు ట్యూబులు కట్టు. ఈ రాజమల్లుకు కండ్లు కనిపిస్తలేవు. పోగు తెగినా చూస్తలేడు, మాల్ అంతా ఖరాబ్ అయితున్నది. శనివారం దాంక చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే వేరేటోన్ని పెట్టుకుంట."

రాజమల్లు అక్కడే మగ్గం ముందు నిలబడి ఉన్నాడు. మాట విన్నాడో లేదో కానీ తల తిప్పలేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. వెనక గదిలో కండెలకు నూలు చుడుతున్న అతని భార్య ఎల్లవ్వ, సేట్ అటు వెళ్లగానే నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, మా ఆయనకు నిజంగనే కండ్లు పోతున్నయా? పొద్దుగాల మంచిగనే ఉంటడు. మాపటికి బత్తి పెట్టంగనే నీళ్లు కారుతయ్, తలకాయ పలుగుతున్నదంటడు. సేట్ తీసేస్తే ఈ పేటల ఇంకెవలు పెట్టుకుంటరు? కండ్లు లేనోడని పేరు పడితే అయిపాయె గదా!"

పగలు బాగానే ఉంటాడన్న మాట నాకు పట్టుకుంది. దీపాలు పెట్టే వేళ దాకా ఆగాను.

మా నేతవాళ్లలో ఒక అలవాటు ఉంది. సాయంత్రం దీపం వెలగ్గానే మగ్గం ఆపి, దాని వైపు చూసి దండం పెట్టుకుంటారు. సేట్ స్విచ్ వేశాడు. మగ్గాలు ఆగాయి. అందరితోపాటు రాజమల్లు కూడా చేతులు జోడించాడు, కానీ మొహం పక్కకు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని.

వెళ్లి అతని పక్కనే నిలబడ్డాను. చేతిమగ్గం కాలంలో చిన్న నూనెదీపాన్ని నేసేవాడి నుదురెత్తున వేలాడదీసేవారు, వెలుగు పోగుల మీద పడాలని. ఆ దీపానికి ఆ కొలత సరిపోయేది. సేట్ తన చేత్తో ట్యూబ్‌ను కూడా అదే కొలతకు, మూత లేకుండా, మనిషికి ఎదురుగా కట్టాడు. మగ్గం మీద నిలువుగా పరిచిన తెల్లటి పోగుల పడుగు మీదికి వంగితే ట్యూబ్ వెలుగు నేరుగా కంట్లో పొడుస్తుంది. మా పనిలో దీన్ని గ్లేర్ అంటాం. వెలుగు కావలసినంత ఉన్నా, అది కంటికి కొట్టి చూడాల్సిందాన్ని చూడనివ్వదు.

"ఇంకో రెండు కడితే ఈయన పూర్తిగ గుడ్డోడయితడు సేట్," అన్నాను.

ఆయనకు కోపం నషాళానికి అంటింది. "నేను మగ్గం మీద పుట్టి పెరిగినోన్ని. బత్తి ఏడ కట్టాల్నో నువ్వు నాకు చెప్తవా?"

నాకూ ముక్కు మీదే ఉంటుంది కోపం. "అట్లయితే మీరే వచ్చి నిలబడుండ్రి. తెగిన పోగు ఏడున్నదో చూపించుండ్రి."

సేట్ వచ్చి రాజమల్లు చోట నిలబడ్డాడు. రాజమల్లు భయపడుతూనే గోటితో ఒక పోగు తెంపాడు. సేట్ వంగి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెతికాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ వెతికాడు. ఇప్పుడు నా మీద విరుచుకుపడతాడని అనుకున్నాను. కానీ ఆయన గొంతు సన్నగా వచ్చింది.

"కనిపిస్తలేదు. అరే బాబా, నాకు గూడ పోతున్నయా ఏంది కండ్లు?"

నా కోపం ఎటు పోయిందో, జాలేసింది.

నిచ్చెన వేశాను. ట్యూబ్‌ను పైన దూలం దగ్గరికి జరిపి, రేకు డబ్బా కత్తిరించి లోపల తెల్ల రంగు పూసి చేసుకున్న మూత ఒకటి నా సంచిలో ఉంటే దాన్ని పైన బిగించాను. ఇప్పుడు వెలుగు కిందికే పడుతుంది, కంటికి తగలదు. స్విచ్ వేయగానే సేట్ వంగాడు. చూస్తుండగానే ఆయన వేలు ఒక చోట ఆగింది.

"ఇగో! ఈడున్నది!" అని చిన్నపిల్లవాడిలా అరిచాడు.

రాజమల్లు అప్పుడు నోరు విప్పాడు. "గిప్పుడు మంచిగున్నది గని అన్నా, ఈ ఎలుగు జర పాలిపోయినట్టున్నది. మొకాలన్నీ జ్వరమొచ్చినట్టు కొడ్తున్నయ్."

అదీ నిజమే. అది నీలం చాయ ఉన్న డేలైట్ రకం. వెలుగు ఎంత ఉందన్నది ఒక లెక్క, ఏ రంగులో ఉందన్నది ఇంకొక లెక్క. ఈ రెండోదాన్ని కలర్ టెంపరేచర్ అంటారు. కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎర్రగా, తర్వాత పసుపుపచ్చగా, బాగా కాలాక తెల్లగా అవుతుంది కదా, ఆ వరసే ఇది. వింతేమిటంటే, మనకు వెచ్చగా అనిపించే పసుపుపచ్చటి వెలుగుకు ఈ కొలత తక్కువ, చల్లగా తోచే నీలిచాయ వెలుగుకు ఎక్కువ. దీపాలకూ బల్బులకూ అలవాటుపడిన కళ్లకు సాయంత్రం పూట ఆ నీలిచాయ సరిపడలేదు.

"దీన్ని చద్దర్ల రంగులు చూసే బల్ల మీదికి మార్చుకోండ్రి. మగ్గాల మీదికి పసుపు చాయది, వార్మ్ వైట్ అని దొరుకుతది, అది తెండ్రి," అని సేట్‌కు చెప్పాను. తలూపాడు. శనివారం మాట మళ్లీ ఆయన నోట రాలేదు.

కొత్త ట్యూబ్ వెలిగిన సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. మగ్గాలు ఆగాయి. రాజమల్లు తలెత్తి, కళ్లు తెరిచి, నేరుగా దీపం వైపు చూస్తూ దండం పెట్టాడు. వెనక గది గడపలో ఎల్లవ్వ కూడా చేతులు జోడించింది. ఆమె దీపాన్ని చూడటం లేదు, అతని కళ్లనే చూస్తోంది.

ఆ తర్వాత ఎన్ని చోట్ల దీపాలు కట్టినా, పని చేసే మనిషి నిలబడే చోట ముందు నేను నిలబడి చూశాకే నిచ్చెన వేశాను. కట్టాక ఆ మనిషిని పిలిచి ఒక్కటే అడిగేవాణ్ని: "కండ్లు తెరిచి దండం పెట్టగలుగుతున్నవా?"