విశాలాక్షి మేడమ్ ఎంచుకున్న పాత టూల్

మొన్న మధ్యాహ్నం తిరువూరులో కరెంటు పోయింది. ఆఫీసులో యూపీఎస్ కీచుమని కూయడం మొదలుపెట్టింది. ఆ కూత వింటే ఇప్పటికీ చేతిలో ఉన్నది వదిలేసి లేస్తాను. పదకొండేళ్ళ క్రితం ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్ దగ్గర అదే కూత విన్నాను. ఆ రోజు తర్వాత నేను ఈ వృత్తిలో నిలబడ్డానంటే అది విశాలాక్షి మేడమ్ వల్లే. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

మేడమ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. తర్వాత ఆ ఉద్యోగం మానేసి, మెయిన్ రోడ్డులో భర్త నడిపే ఇనుప సామాన్ల కొట్టు పైనున్న రెండు గదుల్లో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టారు. కింద మేకులు తూకం వేస్తుంటే పైన మేం ప్రోగ్రాములు రాసేవాళ్ళం. ఆవిడ ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఎవరికైనా పని చేసిపెట్టే ముందు, దాన్ని రోజూ వాడబోయే మనిషి పక్కన ఒక రోజంతా కూర్చుని చూసి వచ్చేవారు.

ఆ ఆసుపత్రివాళ్ళు నర్సుల కోసం ఒక స్క్రీన్ అడిగారు. రోగి నంబరు కొడితే పేరు, బ్లడ్ గ్రూపు, మందులు కనిపించాలి. నెట్ మీద నడిచే కొత్త పద్ధతిలో చేద్దామని నేనన్నాను. మేడమ్ స్వింగ్ అన్నారు. నెట్‌తో పని లేకుండా, కంప్యూటర్‌లోనే నడిచే కిటికీలూ బటన్లూ తయారుచేసే టూల్ అది. అప్పటికే దాన్ని అందరూ పాతదనేవారు.

“అది ముసలిదైపోయిందండి మేడమ్. రేపు ఇంటర్వ్యూలో ఇది చేశానని చెప్పుకోడానిక్కూడా బాగోదు” అన్నాను.

“నీ ఇంటర్వ్యూ సంగతి సరే శ్రీధర్. ఆ కౌంటర్‌లో సిస్టర్ పక్కన ఒక్క రోజైనా కూర్చున్నావా?”

“లేదండి.”

“నేను కూర్చున్నా. అక్కడ నెట్ రోజుకి నాలుగైదుసార్లు పోతోంది. స్వింగ్ పాతదే, నాకూ తెలుసు. దాని లోపాలన్నీ ఎప్పుడో బయటపడిపోయాయి. కొత్తదాని లోపాలు మనం ఆసుపత్రిలో కనిపెట్టకూడదు.”

నేను వినలేదు. ఇంటి దగ్గర నా కొత్త స్క్రీన్ తయారు చేసుకుని, ఆవిడకి చెప్పకుండా ఆసుపత్రి కౌంటర్‌లో పెట్టేశాను. “ట్రయల్ అండి, మేడమ్‌కి తెలుసు” అని సిస్టర్ మరియమ్మతో అబద్ధం చెప్పాను. అందరూ మెచ్చుకున్నాక మేడమ్‌కి చూపిద్దామనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం నేను కౌంటర్ దగ్గర ఉండగా, అంతకుముందు అక్కడే చూపించుకున్న ఒకామెను వినగడప నుంచి తీసుకొచ్చారు. కాన్పు తర్వాత రక్తం ఆగడం లేదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కూస్తోంది. కంప్యూటర్ నడుస్తోంది కానీ నెట్ లేదు. సిస్టర్ నంబరు కొట్టారు. పేర్ల జాబితా కంప్యూటర్‌లోనే ఉంది కాబట్టి కొత్త పేరు వచ్చింది. బ్లడ్ గ్రూపు నెట్ నుంచి రావాలి, రాలేదు. దాని చోట అంతకుముందు చూసిన రోగి గ్రూపు అలాగే ఉండిపోయింది. సిస్టర్ రక్తం తెమ్మనే చీటీ మీద బి పాజిటివ్ అని రాశారు. దాన్ని రోగి భర్త చేతిలో పెట్టబోతూ ఒక్కసారి కేస్ షీట్ వైపు చూశారు.

“ఏంటి సార్, ఇక్కడ ఓ అని ఉంది. ఇందులో బి అంటోంది?”

“కాగితమే చూడండి” అని మాత్రం అనగలిగాను. ఆవిడ చీటీ చింపేసి మళ్ళీ రాశారు. ఆ తల్లి బతికింది, అయిదో రోజున బిడ్డతో ఇంటికి వెళ్ళింది. ల్యాబ్‌లో ఎలాగూ ఇంకోసారి సరిచూసేవారేనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆ మాటతో మనసు కుదుటపడలేదు.

స్క్రీన్ తీసేసి ఆఫీసుకి నడిచి వచ్చాను. చెప్పకపోతే మేడమ్‌కి తెలిసే దారి లేదు. మెట్ల మీద రెండుసార్లు ఆగాను. చివరికి పైకి వెళ్ళి చెప్పేశాను. ఆవిడ కీబోర్డు పక్కకి నెట్టారు.

“ఇంకెవరికి చెప్పావు?”

“మీకే.”

“చెప్పాల్సింది నాకు కాదు. పద.”

తన స్కూటీ మీదే తీసుకెళ్ళారు. ఆసుపత్రి నడిపే డాక్టరుగారి గదిలో ఆవిడే మాట్లాడతారనుకున్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని నా వైపు చూశారు, అంతే. నిలబడే మొత్తం చెప్పాను. డాక్టరుగారు పెన్ను కింద పెట్టేశారు.

“మీ మీద నమ్మకంతో ఇచ్చాను మేడమ్.”

“ఆఫీసు నాదండి. ఏం పెడుతున్నాడో నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు. పని వెనక్కి తీసుకుంటే తీసుకోండి. ఉంచితే మాత్రం రాసేది ఇతనే.”

ఆయన సిస్టర్‌ని పిలిపించారు. ఆవిడ నా మొహం చూడలేదు. “మేడమ్‌కి తెలుసని నాతో అబద్ధం చెప్పాడండి” అన్నారు. డాక్టరుగారి వైపు తిరిగి మళ్ళీ సిస్టరే అన్నారు: “పది రోజులు నా పక్కన కూర్చుంటే రాయనివ్వండి.”

కూర్చున్నాను. తర్వాత స్వింగ్‌లోనే రాశాను. అంతా బూడిద రంగు. తెలుగు పేర్లలో ఒత్తులు విడిపోయి ఎక్కడో పడేవి. నేను విసుక్కుంటే మేడమ్, “పాతదని తెలిసే తీసుకున్నాం. దాని కష్టం మనం పడాలి, సిస్టర్ పడకూడదు” అన్నారు. వివరం అందకపోతే ఆ గడిలో ఎర్ర అక్షరాలతో ‘తెలియదు’ అని రావాలని పట్టుబట్టారు. ఆ స్క్రీన్ తొమ్మిదేళ్ళు నడిచింది. ఆసుపత్రివాళ్ళు కంప్యూటర్లు మార్చినప్పుడు, అప్పటికే మంచం పట్టిన మేడమే ఫోన్ చేసి, “ఇక చాలు, దాన్ని తీసేసి కొత్తది పెట్టు. ఈసారి నీకు తెలుసుగా ఏం చూడాలో” అన్నారు. మర్నాడే వెళ్ళి సిస్టర్ పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు ఆ రెండు గదుల ఆఫీసు నేను చూస్తున్నాను. కిందటి నెల మేం రాసిన ప్రోగ్రాములో ఒక తప్పు కనబడింది. రెడ్డిగూడెంలో ఒక మందుల షాపులో, గడువు దాటిన మందుల జాబితాలో రెండు పేర్లు రావడం లేదు. సరిచేయడం పది నిమిషాల పని. షాపాయన గమనించనే లేదు. కంప్యూటర్ ముట్టుకోకముందే ఆయనకి ఫోన్ కలిపాను. రింగవుతోంది. మా దగ్గర కొత్తగా చేరిన లావణ్య పని ఆపి నన్నే చూస్తోంది. ఆయన ఫోన్ ఎత్తారు.

“తప్పు మాదండి” అని మొదలుపెట్టాను.