వసిల్కా కుడి భుజం

కొండల్లోని గనుల ఊరు మదాన్‌లో మంచు గడ్డకట్టిన రోజున ముసలివాళ్లు గుమ్మం ముందు బూడిద చల్లుకుని గానీ బయట అడుగుపెట్టరు. ఆ ఉదయం వసిల్కాకి తొందర. తమ్ముడు మెతోది లేచేలోపు పొయ్యి రాజేయాలని కట్టెల కోసం బూడిద చల్లకుండానే మెట్లు దిగింది. బుట్ట నింపుకుని తిరిగి వస్తుంటే కాలు జారింది. చేతిలో బుట్ట వదలకపోవడంతో ఒళ్లంతా కుడి భుజం మీదే పడింది.

సీసపు గనిలో కప్పు కూలి మెతోదికి నడుము కింద చచ్చుబడిపోయి చాలా ఏళ్లయింది. తల్లి పోయిన దగ్గర్నుంచి అతన్ని పొద్దున మంచం మీద నుంచి కుర్చీలోకి, సాయంత్రం కుర్చీలో నుంచి మంచం మీదకి ఎత్తేది వసిల్కాయే. కుట్టుమిషన్ల కార్ఖానాలో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "ఇంట్లో ఒక మగాణ్ణి మోస్తున్నానుగా, చాల్లే!" అని నవ్వేది.

పట్నం ఆసుపత్రిలో డాక్టర్ కరమితేవ్ ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు.

"భుజం దగ్గర ఎముక తల విరిగి పక్కకి జరిగిందమ్మా. ఉత్త కట్టుతో సరిగా అతకదు. పైనుంచి ఎముక లోపలికి మేకు దింపి, అడ్డంగా స్క్రూలు బిగించాలి. ఇవాళే చేరిపోండి."

"నేను చేరితే మా తమ్ముణ్ణి ఎవరు లేపుతారు?"

"ఈ చెయ్యి బాగుపడకపోతే ఎవరు లేపుతారు?"

వసిల్కా చేరలేదు. చెయ్యి మెడకి కట్టించుకుని బస్సెక్కి ఇంటికి వచ్చేసింది.

"ఏమన్నారక్కా?"

"బెణికిందన్నారు."

"బెణికితే మొహం అలా సున్నం కొట్టినట్టు అయిపోతుందా?"

పక్కింటి షెఫికా పులుసు తెచ్చి, "నేనూ ఒక చెయ్యి వేస్తానక్కా" అంది. "నీ నడుము సంగతి నాకు తెలీదా? ఇంటికెళ్లి పడుకో" అని పంపేసింది వసిల్కా.

పొద్దుట్నుంచీ మంచం మీదే ఉన్న తమ్ముణ్ణి సాయంత్రం ఎడమచేత్తో కుర్చీలోకి ఎత్తబోయింది. సగం లేచాక అతను జారాడు. పట్టుకోవాలని కట్టులోంచి కుడిచెయ్యి లాగింది. ఇద్దరూ పొయ్యి పక్కన నేలమీద పడ్డారు. ఆమె చెయ్యి అతని కింద ఇరుక్కుంది. భుజం లోపల రాళ్లు నూరుకున్నట్టయింది.

"అరవనా?" అన్నాడు మెతోది.

"వద్దు."

"ఎందుకొద్దూ?"

"నిన్ను తీసుకుపోతారు."

పట్నంలో నడవలేనివాళ్లని ఉంచే ఆశ్రమం గురించి ఆ ఇంట్లో ఎప్పుడూ పేరు పెట్టి మాట్లాడుకోరు. పొయ్యి చల్లారుతోంది. అక్క పళ్లు టకటకమంటున్నాయి. మెతోది మోచేతుల మీద పాకుతూ పోయి, ఇనప ఊచ అందుకుని, షెఫికా వచ్చేదాకా పొయ్యిరేకు మీద బాదాడు.

అంబులెన్స్ వాళ్లు ఆమెని ఎక్కిస్తుంటే, "నన్ను కూడా దించెయ్యండి, ఆశ్రమం దగ్గర. లేకపోతే ఈవిడ ఆపరేషన్ బల్ల మీంచి కూడా లేచొచ్చేస్తుంది" అన్నాడు మెతోది.

"నోరు ముయ్యరా!" అంది వసిల్కా.

మేకు దింపారు. కానీ రెండోసారి పడ్డప్పుడు ఎముక మరిన్ని ముక్కలైందని, వాటన్నిటినీ కూడగట్టడమే గగనమైందని డాక్టరు చెప్పాడు. తర్వాత రోజూ గోడమీద వేళ్లు పాకించమన్నారు. ఏడుస్తూ పాకించేది. వేళ్లు భుజం ఎత్తుకి చేరేవి; అక్కణ్ణుంచి జానెడు కూడా పైకి పోయేవి కావు.

వసంతంలో అడిగింది: "మనిషిని ఎత్తగలనా డాక్టరుగారూ?"

"లేదమ్మా. ఎత్తే ప్రయత్నం కూడా చెయ్యకండి."

బస్టాండు బెంచీ మీద కూర్చుంది. మదాన్ బస్సు వచ్చింది, వెళ్లింది. మళ్లీ వచ్చింది. లేవాలనిపించలేదు. ఖాళీ ఇంటికి వెళ్లి ఏం చెయ్యాలి?

ఆశ్రమంలో మెతోది చిక్కి సగమయ్యాడు. వీపు కింద పుండ్లు పడ్డాయి. "ఇక్కడి చిక్కుడు పులుసులో గింజలు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయక్కా" అన్నాడు.

ఆమె నవ్వలేదు. "మొదటి రోజే చేరిపోయుంటే ఇంత జరిగేది కాదు."

"పడగానే నేను అరిచుంటే ఇంత జరిగేది కాదు" అన్నాడతను.

గనిలో మెతోదితో పనిచేసిన బిసెర్, ఈ సంగతి విని వచ్చాడు. ఇంటి దూలాన్ని గుద్దిచూసి, దానికి గొలుసు కప్పీ బిగించాడు. వసిల్కా ఎడమచేత్తో తడబడుతూ గట్టి గుడ్డతో దానికి తగిలించే ఊయల కుట్టింది. వేసవిలో మెతోది ఇంటికొచ్చాడు. మొదటిసారి గాల్లోకి లేచినప్పుడు అతని మొహం పాలిపోయింది.

"ఆపనా?"

"లాగు. గనిలోంచి నన్ను పైకి తీసినప్పుడు ఇంతకంటే ఎక్కువే ఊగాను."

లాగింది. అతను కుర్చీలో దిగాక గొలుసు వదిలేసి నేలమీద కూలబడింది. ఆనందమో నీరసమో ఆమెకే తెలియలేదు.

ఆ వేసవి గడిచింది. శరదృతువు రాగానే కట్టెల గొడవ మొదలైంది. ఆ చేత్తో గొడ్డలి లేవదు, బుట్ట లేవదు. షెఫికా మొగుడు కొన్నాళ్లు కొట్టిపెట్టాడు, తర్వాత గ్రీసుకి పనికి వెళ్లిపోయాడు. చలిగదిలో మెతోదికి దగ్గు పట్టుకుంది. చివరికి ఆశ్రమానికి ఫోను చేసింది వసిల్కాయే.

వ్యాను వచ్చిన రోజు అతని ఉన్ని మేజోళ్లు సర్దుతూ తల ఎత్తలేదు.

"మార్చిలో వచ్చేస్తాగా అక్కా."

"మార్చిలోనూ మంచు పడుతుందిరా ఇక్కడ."

"అయితే ఏప్రిల్‌లో" అన్నాడు. వ్యాను తలుపు మూశారు.