తడి గోనెపట్ట కప్పిన పాము

డిసెంబరు నెల, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. ఒమన్‌లోని బర్కా తోటలో, మేము అర్బాబ్ అని పిలిచే యజమాని కూతురు, గదిలో తన పామును ఉంచిన గాజుపెట్టె దగ్గరికి వచ్చి, దాని మీద నేను కప్పిన తడి గోనెపట్టను ఎత్తి చూసింది. పట్టను నేల మీద పడేసి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

అది కొండచిలువ జాతి. విషం లేదు, నా ముంజేయంత లావు. ఆ పిల్ల మస్కట్‌లో కాలేజీకి పోయి వారానికోసారి వస్తుంది కనుక, ఆ వారమే పామును నాకు అప్పజెప్పింది. తోటలో మిగతావాళ్లెవరూ దాన్ని ముట్టరు. మరుసటి వారం నేను చుట్టీ మీద ఇంటికి పోతే, నా రూమ్‌లో ఉండే కడప డ్రైవర్ పెట్టె తెరవకుండా దాని వేడి లైటు మాత్రం చూసుకుంటానన్నాడు.

ఆ చుట్టీ గురించి చెప్పాలి. ఇక్కడ పంట అంతా చలికాలమే. టమాటా, ఉల్లి వదిలి ఎవరినీ పోనివ్వరు. పద్దెనిమిదేళ్లుగా నేను ఎండాకాలంలోనే ఇంటికి పోయాను. నా భార్యతో చలిపొద్దున పెరటి గోడకు ఆనుకొని కూర్చుని ఎండ కాగి పద్దెనిమిదేళ్లు. ఆమె తల విరబోసుకుని కూర్చునేది, ఆ జుట్టు వెచ్చబడితే కుంకుడుకాయ వాసన వచ్చేది. ఇప్పుడు ఫోన్ చేస్తే, "ఎండల కూసున్న. నువ్వు కూసునే జాగల పిల్లి పండుకుంటున్నది" అంటుంది. ఈసారి చలికాలంలోనే పోతానని అర్బాబ్‌ను మొహం మీదే అడిగాను. సరేనన్నాడు.

పెట్టె పక్కన ఆ పిల్ల ఒక కాగితం అంటించింది. ఫోన్లో తెలుగు చేయించిన కాగితం: ఎండ కాగే రాయి దగ్గర ముప్పై రెండు డిగ్రీలు ఉండాలి, చల్లటి మూల ఇరవై ఆరు. ముప్పై అయిదు దాటితే ఒళ్లు కాలుతుంది, ఇరవై నాలుగుకు తగ్గితే తిన్నది అరగదు. నాకు అక్షరాలు యాభై మూడేళ్లకు వచ్చాయి, రూమ్‌లో డ్రైవరే నేర్పాడు. కూడబలుక్కుని మొత్తం చదివాను. చదివాను కానీ నమ్మలేదు. ఇన్నేళ్లు ఈ ఎండలో మాడిన ఒళ్లు నాది, కాగితం నాకేం చెబుతుంది? పగలంతా లైటు కింద పడి ఉన్న ప్రాణిని చూస్తే జాలేసింది. మంగళవారం ఎలుకను పెట్టాను, తిన్నది. బుధవారం లైటు ఆర్పి, కిటికీ తెరిచి, తోటలో నీళ్ల క్యాన్లకు చుట్టినట్టే తడి గోనెపట్ట కప్పాను.

శుక్రవారానికి పాము తిన్న ఎలుకను కక్కేసి, మూలన కొయ్యలా పడి ఉంది.

"మామా, ఎత్తి ఎండలో పెడదాం పా. బిరిక్కిన ఏడెక్కుతాది" అన్నాడు డ్రైవర్, గుమ్మం అవతలి నుంచే.

"ధూప్ మే నహీ!" అని ఆ పిల్ల అరిచింది. గాజుపెట్టెను ఎండలో పెడితే పొయ్యి అవుతుందట, నిమిషాల్లో చస్తుందట. ఆమే కిటికీ మూసి లైటు వేసింది. రాయి దగ్గరి థర్మామీటరులో అంకె చదువుతూ ఉండమని నాకు చెప్పింది.

ఇరవై ఒకటి. ఇరవై మూడు. ఈలోగా అర్బాబ్ వచ్చాడు. "లైట్ కౌన్ బంద్ కియా?"

"కరెంట్ గయా థా, అర్బాబ్..." అని డ్రైవర్ నా కోసం నేరం కరెంటు మీదికి నెట్టబోయాడు.

"నేనే ఆర్పిన. మై కియా," అన్నాను. అబద్ధమాడితే చుట్టీ దక్కేదేమో. పాము ముందు నిలబడి ఆడబుద్ధి కాలేదు.

"నీకు చదువు నేర్పింది దండగ, మామా" అని డ్రైవర్ గొణిగాడు.

నాలుగు గంటలకు ముప్పై రెండు. పాము కదిలింది. మెల్లగా రాయి మీదికి పాకి, పొట్ట ఆనించి, తల వాల్చింది. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. నేను అలాగే చూస్తూ కూర్చున్నాను. వెచ్చదనానికి ఒళ్లప్పగించి కూర్చున్న ప్రాణిని అంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో.

కక్కిన పాముకు పదిహేను రోజులు తిండి పెట్టకూడదట. తర్వాత చిన్న ఎలుక, అది అరిగాక ఇంకొకటి. చేత్తో పట్టి చూడాలి, తోటలో దాన్ని ముట్టేది నేనొక్కణ్ణే. "వహ్ దో బార్ ఖాయేగా, ఫిర్ తుమ్ జావో" అన్నాడు అర్బాబ్. అది రెండుసార్లు తిన్నాకే నేను పోవాలి. అప్పటికి ఉల్లి కోతకొస్తుంది. ఉల్లి అయ్యేసరికి ఎండలు ముదురుతాయి. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేసి, చుట్టీ పోయిందని నా భార్యకు చెప్పాను.

"గీ చలికి గూడ రావన్నట్టు," అంది.

"పాముకు బాగలేదే."

"పాముకా?" అంది. "మరి దాన్నన్న మంచిగ ఎండకు పెట్టు."

ఆ రోజు అక్కడ ఉన్నది అర్బాబ్, ఆయన కూతురు, లోపల అడుగుపెట్టని కడప డ్రైవర్, నేను, రాయి మీద పాము, ఫోన్లో నా భార్య.